ఎవరెస్ట్ అనే ఇంటిపేరు: ఒక గోడ ప్రదర్శన డైరీ

జూన్: హద్దులు గీయడం

మా పాఠశాల గ్రంథాలయంలో ఉత్తరం వైపు గోడ మీద ఈ ఏడాది ఒక ప్రదర్శన పెట్టాలని గణితం, సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులం కలిసి నిర్ణయించుకున్నాం. డిసెంబరు 11 అంతర్జాతీయ పర్వత దినోత్సవం కాబట్టి ఆ రోజుకు గోడ సిద్ధం కావాలి. పర్వతాల ప్రదర్శన అనగానే ఎవరెస్ట్ శిఖరం బొమ్మ, దాని ఎత్తు, ఎక్కినవారి పట్టిక అందరికీ గుర్తుకు వస్తాయి. అవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. మేము ఎంచుకున్నది శిఖరాన్ని కాదు, దానికి పేరుగా మారిన ఇంటిపేరును. స్మిత్, బ్రౌన్ వంటి పేర్లు ఇంగ్లండులో ఊరూరా వినిపిస్తాయి గాని ఎవరెస్ట్ అనే ఇంటిపేరు అరుదు. ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో ఉన్న ఎవ్రూ పట్టణం నుంచి వచ్చినవారికి ఆ ఊరి పేరు మీదుగా ఇది స్థిరపడిందని ఇంటిపేర్ల నిఘంటువులు చెబుతాయి. ఊరి పేరే ఇంటిపేరు కావడం తెలుగువారికి కొత్త సంగతి కాదు కాబట్టి దీన్ని ఫలకం మీద ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్తున్నాం.

ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదలాలి అన్నది మొదటి ప్రశ్న. పుట్టుకతో ఆ ఇంటిపేరు ఉండి, చేసిన పని అచ్చులో నమోదై ఉన్నవారికే పూర్తి ఫలకం ఇవ్వాలని నిశ్చయించాం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన స్త్రీలను పుట్టింటి పేరుతోనే లెక్కలోకి తీసుకుంటున్నాం. ఈ నియమం లేకపోతే నా దృష్టిలో ఈ గోడ మీద అందరికంటే ముఖ్యురాలైన మేరీ ఎవరెస్ట్ బూల్ బయటే ఉండిపోయేది. తల్లి ఇంటిపేరును నడిమి పేరుగా పెట్టుకున్నవారికి ఫలకం ఉండదు, తల్లి ఫలకం పక్కన చిన్న చీటీ ఉంటుంది.

పదో తరగతి పిల్లలను పేర్లు అడిగితే వారు వెంటనే చెప్పింది మలావత్ పూర్ణ, మల్లి మస్తాన్ బాబు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి 2014 మే 25న పదమూడేళ్ల వయసులో శిఖరం చేరిన పూర్ణ గురించీ, ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కి ముగించిన నెల్లూరు జిల్లా వాసి మస్తాన్ బాబు గురించీ మా పిల్లలకు తెలిసి ఉండటం నాకు సంతోషం కలిగించింది. అయినా వారి సంబంధం పర్వతంతోనే గాని ఇంటిపేరుతో కాదు. ఆ ఇద్దరి గురించిన పుస్తకాలను గోడ ముందున్న బల్ల మీద విడిగా పేర్చాలని ఒప్పందానికి వచ్చాం. గోడ మీదికి మాత్రం ఆ ఇంటిపేరు వాళ్లే వస్తారు.

ఆ తర్వాత పిల్లలు అడిగిన ప్రశ్న ఈ ప్రాజెక్టు తీరునే నిర్ణయించింది: “సార్, వీళ్లంతా చుట్టాలేనా?” మన దగ్గర ఒకే ఇంటిపేరు వినగానే వరస కలిపే అలవాటు ఉంది, పెళ్లిసంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరే. అందువల్ల ఇన్ని ఫలకాలు ఒకే పేరుతో పక్కపక్కన కనిపిస్తే చూసేవారి మనసు వాటిని ఒకే కుటుంబంగా కట్టేస్తుంది. అలా జరగకూడదన్నది నా పట్టుదల. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: తండ్రి, తల్లి, అన్న, చెల్లి, బిడ్డ అని రుజువున్న చోట మాత్రమే రెండు ఫలకాల మధ్య ఎర్ర ఊలు దారం కడతాం, మిగిలిన ఫలకాలు ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంతో నిలబడతాయి.

జూలై: జార్జి ఎవరెస్ట్, రేఖాంశపు పటం

జార్జి ఎవరెస్ట్ 1790లో పుట్టి, పదహారేళ్ల ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగి దళంలో చేరి, జావా ద్వీపంలో సర్వే చేసి, 1818 చివరిలో హైదరాబాదులో, ఈ దేశపు నేలను కొలిచే సర్వేను నడిపిస్తున్న విలియం లాంబ్టన్ వద్ద ముఖ్య సహాయకుడిగా పనిలోకి వచ్చాడు. శిఖరం కంటే ముందు ఆయన జీవితంలో మన నేల ఉంది. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖను, అంటే లెక్కలన్నిటికీ మూలమైన మొదటి గీతను, నేల మీద కొలిచి, కోణాల సాయంతో దూరాలు లెక్కగట్టేందుకు మొదలుపెట్టిన త్రిభుజాల వల అప్పటికే దక్కను దాకా పాకింది. కొత్తగా వచ్చిన ఎవరెస్టును కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతంలో త్రిభుజాలు కట్టడానికి పంపారు. వానాకాలంలో ఆ అడవుల్లో ఆయన బృందమంతా విషజ్వరాల పాలైంది. ఆయన ఆరోగ్యం మళ్లీ ఎప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు. 1820లో గాలి మార్పు కోసం ఆఫ్రికా దక్షిణ కొనలోని కేప్‌కు వెళ్లి, అక్కడ కూడా ఊరుకోకుండా లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త పూర్వం చేసిన భూమి కొలతను పరిశీలించి వచ్చాడు.

1823 జనవరిలో హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించిన తర్వాత సర్వే బాధ్యత ఎవరెస్టు మీద పడింది. అనారోగ్యంతో 1825లో ఇంగ్లండు వెళ్లి, 1830లో సర్వేయర్ జనరల్‌గా తిరిగివచ్చి, 1843లో పదవీ విరమణ చేశాడు. ఇంగ్లండు నుంచి ఆయన తెచ్చిన కొత్త సామగ్రిలో వేడికి సాగే రెండు లోహాలను జతచేసి మొత్తం పొడవు మారకుండా చేసిన కడ్డీలు ఉన్నాయి. డెహ్రాడూన్ లోయలో ఆధారరేఖను వాటితోనే కొలిచారు. గంగా మైదానంలో కొండలు లేవు కాబట్టి ఎత్తైన కట్టడపు బురుజులు లేపించి, పగలు అద్దంతో సూర్యకాంతిని మళ్లించి, రాత్రి దీపాలు వెలిగించి దూరపు స్థానాలను చూసే పద్ధతిని అమలు చేశాడు. ఆయన కోపిష్టి అనీ, సహాయకులను మాటలతో నొప్పించేవాడనీ ఆ కాలపు ఉత్తరాలే చెబుతాయి. ఆ సంగతిని ఫలకం మీద దాచడం లేదు.

ఈ ఫలకంలో నేను ఎక్కువ సమయం పెట్టింది పటం మీద. కన్యాకుమారి దగ్గరి పున్నె అనే స్థానం నుంచి ఉత్తరాన ముజఫర్‌నగర్ సమీపంలోని కలియానా వరకు, సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగిన ఆ కొలతను నిలువు గీతగా చూపాలి. పున్నె అక్షాంశం 8 డిగ్రీల 9 నిమిషాలు, కలియానాది దాదాపు 29 డిగ్రీల 30 నిమిషాలు. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున మొత్తం దూరం దాదాపు 2,370 కిలోమీటర్లు. మా చేతిలో ఉన్న ప్లైవుడ్ బోర్డు ఎత్తు నాలుగడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 20 కిలోమీటర్ల కొలమానం తీసుకుంటే గీత 118 సెంటీమీటర్లు వస్తుంది. పైనా కిందా కలిపి నాలుగు సెంటీమీటర్లే మిగులుతుంది గాని, గీతను కురచ చేయడం నాకు ఇష్టం లేదు. ఆ పొడవే పిల్లలకు కనిపించవలసిన విషయం.

తొమ్మిదో తరగతి పిల్లలే లెక్కలు వేసి మేకుల స్థానాలు గుర్తించారు. గుత్తి పరిసరాల్లో లాంబ్టన్ నక్షత్రాలను పరిశీలించిన, సర్వే పుస్తకాల్లో నామ్తాబాద్ అని రాసిన స్థానం కింది నుంచి 38.5 సెంటీమీటర్ల దగ్గర పడింది. హైదరాబాద్ అక్షాంశం 51 దగ్గర, బీదర్ వైపున్న దామర్‌గిద్ద 55 దగ్గర, మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్ 88 దగ్గర వచ్చాయి. పటం మీద మన ఊరు ఆ నిలువు గీతకు వేలెడు దూరంలో ఉండటం చూసి పిల్లలు దాని చుట్టూ గుమికూడారు. దామర్‌గిద్ద నుంచి కలియానా దాకా ఉన్న రెండు ఖండాలను ఎవరెస్ట్ 1847లో అచ్చు వేయించిన గ్రంథంలో వివరించాడు. ఆ గ్రంథంలోని ఒక చిన్న తేడా తర్వాత పెద్ద శాస్త్రానికి దారి తీసింది: కల్యాణ్‌పూర్, కలియానాల మధ్య అక్షాంశ భేదం త్రిభుజాల లెక్కలో ఒకటిగా, నక్షత్రాల పరిశీలనలో మరొకటిగా వచ్చి, రెండింటికీ సుమారు 5.24 సెకన్ల తేడా తేలింది. నిలువు చూడటానికి దారంతో వేలాడదీసే గుండు హిమాలయాల ఆకర్షణకు పక్కకు జరగడాన్ని కలకత్తాలోని మతాధికారి ప్రాట్ లెక్కగట్టగా, లండన్‌లో ఖగోళవేత్త ఎయిరీ కొనసాగించగా, 1855లో పర్వతాల కింద ఉన్న భూమి పొర బరువుల గురించిన ఊహ రూపుదిద్దుకుంది. ఈ సంగతిని పటం మీద రెండు మేకుల మధ్య పసుపు చీటీగా అంటించాం.

శిఖరం గురించి ఫలకం మీద నాలుగు వాక్యాలే ఉన్నాయి, అవి చాలు. అప్పట్లో పదిహేనో సంఖ్య శిఖరం అని మాత్రమే పిలిచిన దాన్ని చూసి కొలిచింది ఎవరెస్ట్ పదవి విడిచిన తర్వాత, ఆండ్రూ వా హయాంలో. లెక్కల విభాగంలో ముఖ్యుడు రాధానాథ్ సిక్దార్. అప్పుడు తేల్చిన ఎత్తు 29,002 అడుగులు. వా 1856లో తన పూర్వాధికారి పేరును ప్రతిపాదించగా, ఆ పేరును ఇక్కడివారు పలకలేరనీ, హిందీలో రాయడం కుదరదనీ ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు; అయినా 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. మరుసటి ఏడాది డిసెంబరు 1న ఆయన మరణించాడు. పరికరాలను మరమ్మతు చేసి కొత్తవి తయారు చేసిన ఆర్కాటు వాసి సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ పేరును సిక్దార్ పేరుతో సమానమైన అక్షరాల్లో వేయించాం. ఇంటిపేరు ప్రదర్శన అయినా, ఆ ఇంటిపేరు నిలబడింది ఎవరి చేతుల మీద అన్నది చెప్పకపోతే ఫలకం అబద్ధమవుతుంది.

ఆగస్టు: మేరీ ఎవరెస్ట్ బూల్

జార్జి సోదరుడు టామస్ రూపెల్ ఎవరెస్ట్ గ్లోస్టర్‌షైర్‌లోని విక్‌వార్ ఊళ్లో చర్చి మతగురువు. ఆయన కూతురు మేరీ 1832లో పుట్టింది. మొదటి ఎర్ర దారం ఇక్కడే: జార్జి ఫలకం నుంచి టామస్ చీటీ మీదుగా మేరీ ఫలకానికి. తండ్రికి జబ్బు చేసి, హోమియోపతి వైద్యాన్ని స్థాపించిన హానిమాన్ వద్ద చికిత్స కోసం కుటుంబం ఫ్రాన్సుకు తరలిపోగా, మేరీ చిన్నతనం ప్యారిస్ దగ్గరి ప్వాసీలో గడిచింది. అక్కడ గణితం చెప్పిన మాస్టారు నేరుగా జవాబు ఇవ్వకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, పిల్ల తానే జవాబు చేరేలా నడిపించేవాడు. ఇంగ్లండు తిరిగివచ్చిన తర్వాత పదకొండేళ్ల వయసుకే ఆమెను బడి మాన్పించి తండ్రికి సహాయంగా ఉంచారు. తర్వాత ఆమె గణితమంతా ఇంటి దగ్గర పుస్తకాల్లో నేర్చుకున్నదే.

ఐర్లండులోని కార్క్ నగరంలో మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు గణిత ఆచార్యుడు జార్జి బూల్ పరిచయమయ్యాడు. 1855లో వారికి పెళ్లైంది. తొమ్మిదేళ్లకే, 1864 డిసెంబరులో, వర్షంలో తడిసి అదే బట్టలతో పాఠం చెప్పిన తర్వాత వచ్చిన జబ్బుతో బూల్ మరణించాడు. ఐదుగురు ఆడపిల్లలు, చివరి బిడ్డ ఇంకా చంటిది. మేరీ లండన్ చేరి, స్త్రీల కోసం నడిచే క్వీన్స్ కాలేజీలో గ్రంథాలయాధికారిగా పనిచేస్తూ, ఉద్యోగ నియమాల ప్రకారం పాఠం చెప్పే అధికారం లేకపోయినా విద్యార్థినులకు లెక్కలు నేర్పింది. 1904లోనూ 1909లోనూ వెలువడిన ఆమె పుస్తకాలు పిల్లలకు శాస్త్రాన్నీ బీజగణితాన్నీ ఎలా దగ్గర చేయాలో చెబుతాయి. తెలియని రాశికి ఒక అక్షరాన్ని పెట్టడం అంటే మన అజ్ఞానాన్ని నిజాయితీగా ఒప్పుకుని దానితోనే పని సాగించడం అనే ఆమె ఆలోచన, ఏళ్లుగా బీజగణితం చెబుతున్న నాకు ఎంతో విలువైనదిగా కనిపించింది. ఏడో తరగతిలో చలరాశి పాఠం మొదలుపెట్టేటప్పుడు ఇప్పుడు నేను ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను.

ఆమె పేరు మీద మేము చేతితో చేసి చూపుతున్నది కుట్టుగీతల అట్ట. చిల్లులు పొడిచిన అట్ట మీద సూదితో నేరుగా దారాలు కుడుతూ పోతే ఒక వంపు దానంతట అదే కనిపిస్తుందనీ, చేతులు ముందు తెలుసుకున్నదాన్ని బుద్ధి తర్వాత అందుకుంటుందనీ మేరీ గట్టిగా నమ్మింది. మా అట్ట తయారీ ఇలా ఉంది. కుట్టు నేర్పిన అనుభవమున్న మా విశ్రాంత ఉపాధ్యాయిని సలహాతో క్యాలెండరు వెనుక అట్ట కాకుండా, పుస్తకాల బైండింగుకు వాడే గట్టి అట్ట తీసుకున్నాం. దాని మీద ఒకే బిందువు నుంచి బయలుదేరే రెండు గీతలు గీసి, ఒక్కొక్క దాని మీద సెంటీమీటరు ఎడంతో 20 గుర్తులు పెట్టాం. అంతకంటే దగ్గరగా పెడితే దారం బిగించినప్పుడు రెండు చిల్లుల మధ్య అట్ట చిరుగుతుంది. అట్ట కింద థర్మోకోల్ పలక ఉంచి, వృత్తలేఖిని ముల్లుతో చిల్లులు పొడిపించాం. ఒక గీత మీద 1వ చిల్లు నుంచి రెండో గీత మీద 20వ దానికి, 2 నుంచి 19కి, 3 నుంచి 18కి, ఇలా రెండు సంఖ్యల మొత్తం ఎప్పుడూ 21 వచ్చేలా కుట్టాలి. ప్రతి కుట్టు తర్వాత దారాన్ని అట్ట వెనుక పక్క చిల్లులోకే తెస్తే వెనుకవైపు దారం దాదాపు వృథా కాదు.

దారాలన్నీ సరళరేఖలే, వాటన్నిటినీ ఒరుసుకుంటూ ఏర్పడే వంపు పరావలయం. పదో తరగతి పిల్లలు దీన్ని సమీకరణంతో సరిచూశారు గాని, ఆరో తరగతి పిల్లలకు సమీకరణం అవసరం పడలేదు: కుట్టు సగం అయ్యేసరికే వంపు ఎటు తిరుగుతుందో వేలితో గాలిలో గీసి చూపించారు. గీతల మధ్య కోణాన్ని 90 డిగ్రీలు, 60, 120 డిగ్రీలుగా మార్చి మూడు రకాల అట్టలు చేయించి పక్కపక్కన పెట్టాం. కోణం చిన్నదయ్యే కొద్దీ వంపు సూదిగా మారడం కంటికి కనిపిస్తుంది. వృత్తం మీద 36 చిల్లులు పెట్టి ప్రతి చిల్లునూ దాని రెట్టింపు సంఖ్యకు కలిపే అట్టను కూడా మొదలుపెట్టాం. అందులో వచ్చే వంపు గుండె ఆకారంలో ఉంటుంది. మెరిసే పట్టు దారం కంటే మామూలు నూలు దారమే మేలు, ఎందుకంటే పట్టు దారం మెరుపులో దూరం నుంచి వంపు స్పష్టంగా కనిపించదు.

ఫలకం రాసేటప్పుడు ఎక్కువ చర్చ జరిగింది ఒక ఉత్తరం గురించి. 1901లో జగదీశ్ చంద్ర బోస్‌కు రాసిన సుదీర్ఘమైన ఉత్తరంలో మేరీ, తన పెదతండ్రి జార్జి భారతదేశంలో నేర్చుకున్న ఆలోచనా పద్ధతి ఇంగ్లండులోని గణితవేత్తల మీదా, తన భర్త తర్కశాస్త్రం మీదా ప్రభావం చూపిందని చెప్పింది. ఇది మనకు ఎంతో ఇష్టమయ్యే మాట, అందుకే జాగ్రత్త అవసరమైన మాట కూడా. ఇది ఆమె అభిప్రాయం, కుటుంబంలో విన్నవాటి ఆధారంగా ఆమె నిర్మించుకున్న వివరణ; ఫలకం మీద “మేరీ ఇలా రాసింది” అనే వేస్తున్నాం, “ఇలా జరిగింది” అని వేయడం లేదు. ఒక సహోద్యోగి దీన్ని పెద్ద అక్షరాల్లో శీర్షికగా పెట్టాలని కోరారు. నేను ఒప్పుకోలేదు. మేరీ గొప్పతనం ఆ వాదన మీద ఆధారపడి లేదు, ఆమె అట్టలూ పాఠాలూ చాలు.

కూతుళ్లకు చీటీలు మాత్రమే అన్న నియమం ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. లూసీ ఎవరెస్ట్ బూల్ రసాయన శాస్త్రవేత్త, స్త్రీల వైద్య కళాశాలలో అధ్యాపకురాలు; 1894లో ఇంగ్లండులోని రసాయన సంస్థకు ఎన్నికైన తొలి మహిళా ఫెలో. అలీసియా నాలుగు కొలతల ఘనాకృతులను మనసులో ఊహించుకుని వాటి మధ్యకోతలను అట్టతో కోసి చేసిన మనిషి. ఎలాంటి డిగ్రీ లేని ఆమెకు 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మార్గరెట్ కొడుకు జెఫ్రీ టేలర్ ద్రవగతిశాస్త్రంలో ప్రసిద్ధుడు. ఎథెల్ లిలియన్ వోయినిచ్ నవలాకారిణి. నియమం సడలించలేదు గాని, చీటీల సైజును పోస్టుకార్డంత చేసి, ఒక్కొక్క దానికి ఎర్ర దారం కట్టాం. ఈ గోడ మీద దారాలు చిక్కగా కనిపించేది ఈ ఒక్క చోటే.

సెప్టెంబరు: రాచెస్టర్, సెంట్రాలియా

ఈ నెల అమెరికా ఫలకాలు. ఇక్కడి నుంచి దారం లేదు.

హైరమ్ బాండ్ ఎవరెస్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ వ్యాపారి. మాథ్యూ ఈవింగ్ అనే వడ్రంగి ముడి చమురును గాలి తీసేసిన పాత్రలో మరిగించి కిరోసిన్ ఎక్కువగా రాబట్టాలని ప్రయత్నించాడు. కిరోసిన్ సంగతి ఆశించినట్లు సాగలేదు గాని, అడుగున మిగిలిన జిడ్డు పదార్థం ఎక్కువ వేడికి కూడా చెడిపోకుండా ఉండటం హైరమ్ గమనించాడు. 1866లో వారు వాక్యూమ్ ఆయిల్ కంపెనీ పెట్టారు. మొదట గుర్రపు జీనుల తోలుకు పట్టించడానికి, తర్వాత ఆవిరి యంత్రాల సిలిండర్లకు ఆ నూనె అమ్ముడైంది. 1879లో స్టాండర్డ్ ఆయిల్ సంస్థ అందులో నాలుగింట మూడు వంతులు కొన్నది. పోటీ కంపెనీని దెబ్బతీసేందుకు కుట్ర పన్నారన్న కేసులో హైరమ్‌నూ అతని కొడుకునూ 1887లో బఫెలో న్యాయస్థానం దోషులుగా తేల్చింది. వాక్యూమ్ ఆయిల్ 1931లో మరో చమురు కంపెనీతో కలిసి, కాలక్రమంలో మొబిల్‌గా మారింది. వ్యాపార విజయాన్ని రాసిన అక్షరాల సైజులోనే ఆ తీర్పునూ రాయించాం.

వెస్లీ ఎవరెస్ట్ ఫలకం రాయడం ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన పని. 1890లో ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టిన అతడు అడవుల్లో చెట్లు కొట్టే కూలీ, ప్రపంచ పారిశ్రామిక కార్మికుల సంఘ సభ్యుడు, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1919 నవంబరు 11న, యుద్ధ విరమణ మొదటి వార్షికోత్సవం నాడు, వాషింగ్టన్ రాష్ట్రంలోని సెంట్రాలియాలో మాజీ సైనికుల ఊరేగింపు కార్మిక సంఘ భవనం ముందుకు వచ్చినప్పుడు ఘర్షణ జరిగి కాల్పులు మొదలయ్యాయి. ముందు దాడి జరిగిందా, ముందు తూటా పేలిందా అన్నదాని మీద ఆనాటి నుంచి రెండు పక్షాలు రెండు కథలు చెబుతున్నాయి. నలుగురు మాజీ సైనికులు ఆ ఘటనలో మరణించారు. వారిలో ఒకరిని వెస్లీ తనను తరుముతుండగా కాల్చాడు. అతన్ని పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ రాత్రి ఊళ్లో దీపాలు ఆర్పేసి, గుంపు జైల్లోకి చొరబడి అతన్ని బయటికి లాక్కెళ్లి, షెహాలిస్ నది మీది వంతెనకు ఉరితీసింది. ఆ హత్యకు ఎవరి మీదా కేసు నడవలేదు. కార్మిక సంఘం వారికి మాత్రం మరుసటి ఏడాది దీర్ఘకాలపు శిక్షలు పడ్డాయి. 1997లో సెంట్రాలియా నగరం మధ్యలో ఒక భవనపు గోడ మీద అతని స్మృతిలో పెద్ద కుడ్యచిత్రం వేశారు.

ఈ ఫలకం బడిలో ఉండవచ్చా అని కొందరు సందేహించారు. ఉండాలన్నదే నా మాట. ఒక పర్వతం పేరు చూసి గోడ దగ్గరికి వచ్చిన పిల్లవాడికి, అదే పేరు మోసిన ఒక కూలీ మనిషి కూడా చరిత్రలో ఉన్నాడని తెలియాలి. అతని మరణం గురించి ప్రచారంలో ఉన్న భయంకరమైన వర్ణనలకు రుజువు లేదు కాబట్టి వాటిని పూర్తిగా వదిలేశాం. ఇరుపక్షాల మృతుల సంఖ్యనూ రాసి, తొమ్మిదో తరగతికి పైబడినవారికి సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని వివరించి చెప్పేలా ఏర్పాటు చేశాం.

అక్టోబరు: ఆకాశంలో ఒకరు, నీటి కింద ఒకరు

ఫ్రాంక్ ఎవరెస్ట్ 1920లో పశ్చిమ వర్జీనియాలోని ఫెయిర్‌మాంట్‌లో పుట్టిన అమెరికా వాయుసేన పైలటు. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీల మీద పోరాడి, తర్వాత చైనాలో 1945లో విమానం కూలి జపాను సైన్యానికి బందీ అయ్యాడు. యుద్ధం ముగిశాక ప్రయోగ విమానాలు నడిపాడు. 1949 ఆగస్టులో ఎక్స్-1 రాకెట్ విమానంలో 71,902 అడుగుల ఎత్తుకు చేరాడు. అది తన ఇంటిపేరు గల శిఖరానికి దాదాపు రెండున్నర రెట్లు. అదే నెలలో మరో ప్రయాణంలో విమానం పైకప్పు అద్దం పగిలి లోపలి గాలి ఒత్తిడి పడిపోగా, ఒంటికి బిగిసే ప్రత్యేక దుస్తులు అతని ప్రాణం కాపాడాయి. 1953లో ఎఫ్-100 రకం విమానం మీద గంటకు 755 మైళ్ల వేగాన్ని నమోదు చేశాడు. 1956 జూలై 23న ఎక్స్-2లో శబ్దవేగానికి 2.87 రెట్లు వెళ్లినప్పుడు ప్రపంచంలో అత్యంత వేగంగా ప్రయాణించిన మనిషి అతడే. ఎత్తును చూపడానికి ఇదే ఫలకం పక్కన నిలువు స్కేలు గీశాం: సెంటీమీటరుకు వెయ్యి అడుగుల చొప్పున శిఖరం 29 సెంటీమీటర్ల దగ్గర, ఫ్రాంక్ విమానం 72 సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి.

ఆల్టన్ ఎవరెస్ట్ శబ్దశాస్త్ర ఇంజనీరు, 1909లో ఆరెగాన్‌లో పుట్టి 2005 వరకు జీవించాడు. గదుల్లో, స్టూడియోల్లో శబ్దం ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే అతని చేతి పుస్తకం దశాబ్దాల తరబడి కొత్త ముద్రణలు పొందింది. నాకు మరింత నచ్చింది అతని యుద్ధకాలపు పని: సముద్రగర్భంలో జలాంతర్గాములను వినే పరికరాలకు అడ్డుపడే చిటపట శబ్దం, పంజాను చిటికెలా కొట్టే ఒక జాతి రొయ్యల గుంపులదని తేల్చి, దాని తీరును కొలిచిన బృందంలో అతడు ఉన్నాడు. సహచరులతో కలిసి ఆ పరిశోధనను 1948లో ప్రచురించాడు. రొయ్యల చెరువులున్న కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మా వసతిగృహం పిల్లలు ఈ ఫలకం గురించి అడిగినన్ని ప్రశ్నలు మరి దేని గురించీ అడగలేదు.

నటి బార్బరా ఎవరెస్ట్ లండన్‌లో పుట్టి, మూకీల కాలం నుంచి నాటకరంగంలోనూ సినిమాల్లోనూ పనిచేసింది. వేల్స్‌లో పెరిగిన దర్జీ టిమోతీ ఎవరెస్ట్ లండన్‌లో టామీ నటర్ అనే పేరున్న దర్జీ వద్ద పని నేర్చి సొంత దుకాణం పెట్టుకున్నాడు. 2010లో బ్రిటన్ ప్రభుత్వ గౌరవ పురస్కారం అందుకున్నాడు. ఈ రెండు ఫలకాలూ చిన్నవి. గోడ నింపడం కోసం వాటిని సాగదీయలేదు.

నవంబరు: ముద్రణ, అమరిక

పాఠ్యమంతా డీటీపీ చేయించాం. జార్జి కుటుంబం తమ పేరులోని మొదటి అచ్చును దీర్ఘంగా పలికేదన్నది నిజమే అయినా, తెలుగు పాఠకులకు అలవాటైన “ఎవరెస్ట్” రూపాన్నే అన్ని ఫలకాల మీద ఒకేలా ఉంచాం. అక్షరం సైజు ఆరడుగుల దూరం నుంచి చదవగలిగేలా పెంచితే పాఠ్యం మూడో వంతు తగ్గించవలసి వచ్చింది. మేరీ, వెస్లీల ఫలకాలను మాత్రం తగ్గించకుండా, వాటికి వెడల్పు బోర్డులు తీసుకున్నాం. ఫ్లెక్సు మీద వేయిస్తే చవక అవుతుందని సూచన వచ్చింది. దాని మెరుపుకు కిటికీ వెలుగులో అక్షరాలు కనిపించవు కాబట్టి మాట్ కాగితం మీద వేయించి ఫోమ్ బోర్డుకు అంటించాం.

ఫలకాలను కాలక్రమంలో పెట్టాలా, దేశాల వారీగా పెట్టాలా అన్న చర్చకు దారమే సమాధానం చెప్పింది. ఎడమ వైపు జార్జి, టామస్, మేరీ, ఆమె కూతుళ్లూ దారాలతో కలిసి ఉంటారు. కుడి వైపు హైరమ్, వెస్లీ, ఫ్రాంక్, ఆల్టన్, బార్బరా, టిమోతీ ఎవరికి వారుగా, మధ్యలో తెల్ల గోడ కనిపిస్తూ ఉంటారు. ఆ ఖాళీలు నిండేలా పూల అంచు పెడదామని పిల్లలు అడిగారు. అంచును గోడ చుట్టూ మాత్రమే పెట్టుకోమని చెప్పాను.

ఇంకా మిగిలిన పనులు కొన్ని ఉన్నాయి. వృత్తపు అట్ట కుట్టు సగంలో ఉంది. పటం మీది మేకులకు తుప్పు పట్టకుండా ఇత్తడి మేకులు తెప్పించాలి. మేరీ ఫలకం కింద పిల్లలు కూర్చుని కుట్టే బల్ల ఆరో తరగతి వారికి ఎత్తు ఎక్కువైంది, దాని కాళ్లు నాలుగంగుళాలు కోయించాలి. వడ్రంగి సోమవారం వస్తానన్నాడు.